కత్తిరించిన సాక్ష్యం

మా అక్క దమాలి మసాకా బజారులో ఇరవై ఏళ్లు గోమెసిలు కుట్టింది. మా వైపు పెళ్లికైనా చావుకైనా ఆడవాళ్లు వేసుకునేది నడికట్టుతో బిగించే ఈ పొడుగు గౌనే కాబట్టి ఆమె మిషను ఆగిన రోజు తక్కువ. భుజాల మీద బుట్టలు నిటారుగా నిలబెట్టడంలో ఆమె చేతికి సాటి లేదనేవాళ్లు. మనిషి పొడగరి, నోరు ఇంకా పొడుగు. కొలతలు తీస్తూ తీస్తూనే వచ్చినవాళ్ల మొగుళ్ల గుట్లన్నీ లాగేది.

ఆమెకు పిల్లలు లేరు. బావ ఎరిసా ఆ కారణానికి ఇంకో ఇల్లు పెట్టలేదని ఊరంతా ఆయన్ని మెచ్చుకునేది. ఆయనకు మోటారు సైకిళ్ల సామాన్ల దుకాణం ఉంది, ప్రార్థనాలయంలో పెద్దరికం ఉంది. అక్కకు నలభై నాలుగో ఏట పొట్ట పెరగడం మొదలైంది. నడికట్టు ముడి వేయడానికి చాలకుండా పోయింది. పక్క కొట్టులో ఎండుచేపలు అమ్మే ఆవిడ, ఈ వయసులో ఏమిటమ్మా ఇది అని మేలమాడితే, కవలలైతే ఒకణ్ణి నీకే ఇస్తాను, చేపల కంపు వాడికీ అలవాటవుతుంది అంది అక్క. అందరి ముందూ అలా నవ్వేసింది గాని, నాతో ఒకరోజు గొంతు తగ్గించి చెప్పింది.

"ఏమోనే యూనియా. అబ్రహాం పెళ్లానికి తొంభయ్యో ఏట పుట్టలేదా?"

ఆ ఆశతో ఐదు నెలలు గడిపేసింది. వీధి చివరి క్లినిక్కులో గర్భం కాదని తేల్చి, కడుపులో పుండని మాత్రలిచ్చారు. తర్వాత టైఫాయిడన్నారు. చివరికి నాలుగు మెట్లెక్కితే ఊపిరాడని స్థితి వచ్చాక నేను కంపాలాలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ కడుపులోంచి ఏడు లీటర్ల నీరు తీశారు. అండాశయాల్లో పుట్టి కడుపంతా పాకిన క్యాన్సర్ అని చెప్పారు. గర్భసంచీ, అండాశయాలు, పేగుల మీద పరుచుకునే కొవ్వు పొర, అన్నీ తీసేశారు. ఆ తర్వాత మూడు వారాలకోసారి, ఆరుసార్లు, నరంలోకి మందు ఎక్కించారు. జుట్టంతా రాలింది. బావకు దుకాణం విడిచి రావడం కుదరదు కాబట్టి ప్రతిసారీ నేనే వెంట వెళ్లాను. ఆరోసారి అయ్యాక పరీక్షలు చేసి, ఎక్కడా ఏమీ కనబడటం లేదన్నారు. అక్క ఆ రోజు దారిలో బస్సు ఆపించి కాల్చిన అరటికాయలు కొని, డ్రైవరుకు కూడా పెట్టింది.

నేను అప్పటికి మూడేళ్లుగా మా ప్రార్థనాలయం నడిపే రేడియోలో పనిచేస్తున్నాను. నా మొగుడు నన్నొదిలి ముబెండే వైపు వెళ్లిపోయినప్పుడు, దిక్కులేని నన్ను పిలిచి ఆ పని నేర్పించింది పాస్టర్ కిబిరంగో. రికార్డు చేసిన మాటల్ని సరిచూడటం, దగ్గులూ నసుగుళ్లూ తీసేయడం, అనుకున్న నిమిషాలకు కుదించడం నా పని. అక్క కోలుకుందని తెలియగానే పాస్టర్ గారు ఆమెను, దేవుడు తనకు చేసిన మేలు రేడియోలో సాక్ష్యంగా చెప్పమన్నారు.

అక్క పదకొండు నిమిషాలు మాట్లాడింది. కడుపు ఉబ్బడం, బిడ్డేమోనని ఆశపడటం, నీరు తీయడం, కోత, ఆరుసార్లు ఎక్కిన మందు, నోరంతా పూసి గంజి కూడా మింగలేకపోవడం, ఏదీ దాచలేదు. ఆ డాక్టరమ్మ చేతుల్ని దేవుడు దీవించాలంది. కడుపు ఉబ్బిన ఆడవాళ్లెవరైనా నాలాగా ఐదు నెలలు కూర్చోవద్దు, వెంటనే వెళ్లండి అని కూడా చెప్పింది.

పాస్టర్ గారు ఆసాంతం విన్నారు. బాగుంది గాని పొడుగైందన్నారు. ఆసుపత్రి సంగతులు వినడానికి జనం ఆసుపత్రికే పోతారు గదా, మన దగ్గరికి దేవుడు చేసింది వినడానికి వస్తారు, అది ఉంచు చాలన్నారు.

నేను నాలుగు నిమిషాలకు కోశాను. "నా కడుపులో చావు కూర్చుంది" అన్న మాట తర్వాత ఏడు నిమిషాలు తీసేసి, "ఇవాళ నా కడుపులో ఏ రోగమూ లేదు" అన్న మాటను తెచ్చి అతికాను. రెండింటి మధ్య ఆమె ఊపిరి పీల్చిన చప్పుడు ఒకటి ఎక్కణ్ణించో తెచ్చి పెట్టాను. అతుకు ఎవరికీ తెలియనంత శుభ్రంగా వచ్చింది. ఆ పనితనానికి నేను మురిసిపోయాను కూడా.

ఆ ముక్క రోజూ పొద్దున వార్తల ముందు వచ్చేది. అక్క తన కొట్టులో మిషను తొక్కుతూ విని, మందుల మాట ఏమైందే అని అడిగింది. టైము లేదక్కా అన్నాను. మూతి విరిచింది గాని, ఇంకేమీ అనలేదు. అప్పటికే రకాయ్ నుంచి, కలుంగు నుంచి మనుషులు వెతుక్కుంటూ వచ్చి ఆమె చెయ్యి ముట్టుకుని పోతున్నారు. బేరాలు రెట్టింపయ్యాయి. ప్రార్థనాలయంలో ముందు వరుసలో కుర్చీ వేశారు. పిల్లలు లేని మనిషిగా ఇరవై ఏళ్లు జాలి చూపులు తిన్న ఆడదానికి ఆ కుర్చీ ఎంత తియ్యగా ఉంటుందో నేను అర్థం చేసుకోగలను.

మందు ఆపిన పద్నాలుగో నెలలో మళ్లీ నడికట్టు బిగిసింది.

అక్క ముందు బావకే చెప్పింది. ఆయన పాస్టర్ గారికి చెప్పాడు. ఇద్దరూ కలిసి ఆమెను కూర్చోబెట్టి, ఇది శత్రువు పెట్టే పరీక్ష, నోటితో ఒప్పుకుంటే వాడికి తలుపు తీసినట్టే, ఎవరితోనూ అనొద్దు, నలభై రోజులు ఉపవాసముండు అన్నారు. అక్క పన్నెండు రోజులు ఉంది. పదమూడో రోజు మొక్కజొన్న పిండితో వండిన పోషో ఇంత ముద్ద తిని, నాకు ఫోను చేసి, రేపు కంపాలా పోదాం పద అంది.

డాక్టర్ అమోడింగ్ తూర్పున టేసో వైపు మనిషి, మాటలు నెమ్మది, చూపు తిన్నగా. రక్తపరీక్ష కాగితం చూసి, ముప్పై అయిదు లోపు ఉండాల్సిన అంకె నాలుగు వందలు దాటిందని చెప్పింది. స్కానింగులో కడుపు పొర మీద చాలాచోట్ల గింజలు గింజలుగా కనబడుతోందంది.

తిరిగొస్తుందని ముందే ఎందుకు చెప్పలేదని అక్క నిలదీసింది.

"చెప్పానమ్మా. మొదటిసారి మందు ఎక్కించే ముందు మీ ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను. ఇంత పాకాక దొరికితే, తగ్గినట్టే తగ్గి చాలామందిలో మళ్లీ వస్తుందని. మీకు ఆయనే చెప్తానన్నారు. మీకు నేను విడిగా చెప్పకపోవడం నా తప్పే."

అక్క నా వైపు చూసింది. నాకు తెలియదన్నట్టు తల ఊపాను. అది నిజమే.

ఇప్పుడు ఏమేం చెయ్యొచ్చో అన్నీ చెప్పండి, దేనికీ పంచదార పూయొద్దు అంది అక్క. డాక్టరమ్మ చెప్పుకుంటూ పోయింది. మందు ఆపాక ఆరు నెలల్లోపే తిరగబడితే ఆ మందు ఇక పనిచేయడం కష్టం. పద్నాలుగు నెలలు ఆగింది కాబట్టి అదే మందుకు ఇంకోసారి లొంగే అవకాశముంది, పదిమందిలో ఐదారుగురికి లొంగుతుంది. ఒకేచోట ముద్దగా ఉంటే మళ్లీ కోసి తీసేవాళ్లు గాని, ఇలా చల్లినట్టున్న దాన్ని కత్తి ఏరలేదు. మందుకు తగ్గాక దాన్ని ఇంకొన్నాళ్లు అణిచి ఉంచే మాత్రలు వేరే దేశాల్లో ఉన్నాయి. అవి అందరికంటే ఎక్కువగా, పుట్టుకతో రక్తంలో ఒక లోపం ఉన్నవాళ్లకు పనిచేస్తాయి. ఆ లోపం ఉందో లేదో చూసే పరీక్ష బయటికి పంపాలి, మాత్రలు ఇక్కడ మాలాంటివాళ్ల చేతికి అందవు. ఏ మందూ వద్దనుకుంటే నీరు చేరినప్పుడల్లా తీస్తూ, నొప్పికి మందిస్తూ చూసుకుంటారు.

"లేని మాత్రల సంగతి ఎందుకు చెప్పారు?" అంది అక్క.

"మీరు అన్నీ చెప్పమన్నారు."

అక్క కాసేపు ఆ కాగితం మీది అంకెనే చూసింది. లొంగడమంటే పోవడమేనా అని అడిగింది. కాదంది డాక్టరమ్మ. వెనక్కి పోతుంది, ఎన్నాళ్లకు మళ్లీ వస్తుందో చెప్పలేను, నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు, రాకుండా పోవడం మాత్రం దాదాపు జరగదంది.

"అయితే ఎక్కించండి. ఆ నెలలు నావే గదా."

వారం తర్వాత మొదటి మందుకు వెళ్లాం. మందెక్కించే గదిలో గోడ పొడుగునా కుర్చీలు ఉంటాయి. ఆ రోజు అక్క పక్క కుర్చీలో ముప్పై అయిదేళ్లుంటాయేమో, ఒకామె కూర్చుని ఉంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి, కడుపు మాత్రం నెలలు నిండినదానిలా ఉంది. అక్క నర్సుతో ఏదో నరం గురించి మాట్లాడుతుంటే ఆమె ఇటు తిరిగి వింది. ముఖం వికసించింది.

"మీ గొంతు నాకు తెలుసక్కా. రోజూ పొద్దున వింటాను. మీరు మసాకాలో గోమెసిలు కుట్టే ఆవిడ గదూ?"

ఆమె పేరు తెజిరా. ల్యాంటొండే దాటి లోపలికి వెళ్తే వచ్చే ఊరు. అక్క చెయ్యి పట్టుకుని తన కడుపు మీద పెట్టుకుంది. కిందటేడాదే తమ జిల్లా ఆసుపత్రిలో కడుపు కోసి తీయాలన్నారట. అంతా సిద్ధం చేసుకున్నాక మొగుడు రేడియోలో అక్క సాక్ష్యం విన్నాడు. ఆవిడకు ప్రార్థనతో పోయిన రోగానికి నువ్వెందుకు కోయించుకోవడం, నీ భక్తి తక్కువా అన్నాడు. తొమ్మిది నెలలు ఉపవాసాలూ ప్రార్థనలూ అయ్యాక, ఊపిరాడక ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు కోయడానికి వీల్లేదన్నారు. ఇవన్నీ ఆమె ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పలేదు. కావలసినవాళ్లు కనబడితే ఇంటి సంగతులు చెప్పినట్టు చెప్పింది. తర్వాత అడిగింది, మీరు ఎవరినైనా చూడటానికి వచ్చారా అని.

నేను నేల చూస్తున్నాను. అక్క చెయ్యి ఇంకా ఆమె కడుపు మీదే ఉంది.

"నేనూ మందుకే వచ్చాను. మొదటిసారి కూడా ఇక్కడే ఎక్కించుకున్నాను, ఆరుసార్లు. అంతకుముందు కడుపు కోసి అన్నీ తీశారు. అదంతా రేడియోలో చెప్పాను. ఆ ముక్క వేయలేదు."

తెజిరా ముఖం మీది నవ్వు వెంటనే పోలేదు. ఎవరో తీయడం మర్చిపోయినట్టు కొంతసేపు అలాగే ఉంది. తర్వాత అక్క చేతిని మెల్లగా ఎత్తి అక్క ఒళ్లోనే పెట్టింది.

"నాకు ఆ ముక్కే కావలసిందక్కా" అంది.

ఆ తర్వాత నాలుగు గంటలు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని మందెక్కించుకున్నారు.

తిరుగు ప్రయాణంలో రోడ్డు భూమధ్యరేఖను దాటే చోట టీ తాగడానికి బస్సు ఆగింది. అప్పుడు అక్క అడిగింది, ఆ కోసిన ముక్క ఉందా అని. చెరిపేశామన్నాను. క్షమించమని అడగబోయాను.

"నన్నడక్కు. నేను విన్నాను, విని ఊరుకున్నాను. నా పాపం నాకుంది. నీది నా నెత్తిన పెట్టకు" అంది.

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని పాస్టర్ గారి దగ్గరికి వెళ్లింది. మళ్లీ సాక్ష్యం చెప్తానంది, మందుల సంగతితో, తిరిగొచ్చిన సంగతితో సహా. పాస్టర్ గారు కోప్పడలేదు. ఆయనెప్పుడూ కోప్పడరు. నిన్ను చూసి వేల మంది నిలబడ్డారు తల్లీ, నువ్వు పడిపోయానని చెప్తే వాళ్లంతా పడిపోతారన్నారు. అక్క, ఒకామె ఇప్పటికే పడిపోయింది పాస్టర్ గారూ, పేరు తెజిరా, వెళ్లి లేపండి అంది. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మేము లేచి వచ్చేశాం. గుమ్మం దాటుతుంటే నన్ను ఒక్కదాన్నే వెనక్కి పిలిచి, కూలిన సంసారం నుంచి నిన్ను ఎవరు లేపారో గుర్తుంచుకో అన్నారు. గుర్తుంది. గుర్తుండబట్టే ఆ రోజు రాజీనామా చేయలేదు.

ఆదివారం సాక్ష్యాల వేళ ఎవరైనా లేచి మైకు దగ్గరికి వెళ్లొచ్చు. మూడో ఆదివారం అక్క లేచింది. శబ్దం సరిచేసే పెట్టె ముందు నేనున్నాను. అక్క తలగుడ్డ తీసేసింది. రెండో విడత మందుకు జుట్టు అప్పుడే ఊడి, నున్నటి తల మెరుస్తోంది. వెనక వరుసల్లో గుసగుస లేచింది.

"నాకు మొదటిసారి తగ్గింది కత్తితో, మందుతో. దేవుడు అవి చేయించాడంటే ఒప్పుకుంటాను. అవి లేకుండా చేశాడంటే అబద్ధం. ఇప్పుడు మళ్లీ వచ్చింది. మళ్లీ మందుకే పోతున్నాను. కడుపు ఉబ్బినవాళ్లు నా మాట విని ఇంట్లో కూర్చోకండి."

పాస్టర్ గారు నా వైపు చూసి రెండు వేళ్లతో ఆపమని సైగ చేశారు. ఆ ఒక్కసారి నేను చెయ్యి కదపలేదు. దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఆయనే దిగి వచ్చి మీట తిప్పారు. పాటగాళ్లు డోలు అందుకున్నారు. అక్క పెదాలు కదులుతూనే ఉన్నాయి గాని, ముందు నాలుగు వరుసలకు మించి ఎవరికీ వినబడలేదు. ఆ నాలుగు వరుసల్లో కూర్చునేది పెద్దలు. వాళ్లు విని బయటికి చెప్పే రకం కాదు.

సోమవారం నా పని పోయింది. బావ, నలుగురిలో నా తల తీసేశావు అని అక్కతో మాట్లాడటం మానేశాడు. రెండు నెలలు తిరక్కుండానే న్యెండోలో ఒకామెను పెట్టుకున్నాడనీ ఆమె కడుపుతో ఉందనీ తెలిసింది. ఇన్నేళ్లు ఊరు మెచ్చుకున్న ఆయన మంచితనం వెనక ఆ రెండో ఇల్లు ఎంతకాలంగా ఉందో మాకు తెలియదు. అక్క మిషను తీసుకుని నా ఇంటికి వచ్చేసింది.

మందు మాత్రం పనిచేసింది. డాక్టరమ్మ చెప్పిన ఐదారుగురిలో ఆమె ఒకతె. మూడోసారికే కడుపు దిగింది, ఆరోసారికి అంకె ముప్పైకి వచ్చింది. అయితే వేళ్ల చివర స్పర్శ పోయింది. ఆ మందుకు అలా జరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది గాని, కుట్టేవాళ్లకు అదంటే ఏమిటో ఎవరూ చెప్పలేరు. సూది గుచ్చుకున్నది తెలిసేది కాదు. ఒక పెళ్లికూతురి తెల్ల గోమెసి మీద రక్తపు చుక్కలు వరసగా పడి ఉంటే, అవి ఎవరివని నన్నే అడిగింది. తర్వాత చేతికుట్టు మానేసి, మిషను మీద బడిపిల్లల యూనిఫారాలకే పరిమితమైంది.

ఆ మంచి రోజుల్లో ఆమె కథ మొత్తం నా ఫోనులో రికార్డు చేశాను. ఈసారి ఒక్క దగ్గు కూడా తీయలేదు. అదెత్తుకుని రెండు రేడియోలకు వెళ్లాను. ఒకచోట, పాస్టర్ గారు మా దగ్గర కూడా ప్రసారం గంటలు కొంటారమ్మా అన్నారు. ఇంకోచోట, ఇది ఏ మందు కంపెనీ ప్రకటన, డబ్బు ఎవరు కడతారు అన్నారు. పాత నాలుగు నిమిషాల ముక్క ఇంకా రోజూ వస్తూనే ఉంది. మా వీధిలో అది మొదలైతే అక్క మిషను గట్టిగా తొక్కేది.

తెజిరా రెండో మందు తర్వాత రాలేదు. పోయిందని నర్సు చెప్పింది. వాళ్ల ఊరు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి రమ్మని అక్క నన్ను పోరేది. నేను వానలన్నాను, కాఫీ కోతలన్నాను, ఛార్జీలన్నాను.

రెండో విడత మందు ఆపిన నాలుగో నెలలో కడుపులో మళ్లీ నీరు చేరింది. ఆరు నెలల గీత అక్కకు గుర్తుంది. డాక్టరమ్మ చెప్పకముందే తనే అంది, ఇక ఆ మందు వినదు గదా అని. వినదు, వారం వారం ఎక్కించే వేరే మందుంది, దానికి పదిమందిలో ఒకరో ఇద్దరో లొంగుతారంది డాక్టరమ్మ. ఈసారి కూడా ఏ పంచదారా పూయలేదు. అక్క మూడు వారాలు ఎక్కించుకుంది. నోరు పుండైంది, కడుపు తగ్గలేదు.

"ఆ ఒకరు నేను కాదులే. ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోనీ" అని ఆపేసింది.

ఆ తర్వాత పది పదిహేను రోజులకోసారి నీరు తీయించడం, సీసాలో ఇచ్చే ఆకుపచ్చ నొప్పి మందు నాలుగు గంటలకోసారి తాగించడం, ఇంతే. ఆ మందుకు నొప్పి నిజంగా తగ్గేది. మంచి గంటల్లో పల్లీల పులుసుతో మటోకే, ఉడికించి మెదిపిన అరటికాయ, రెండు ముద్దలు తినేది. కాళ్లు వాచాక ఒకరోజు, నేను నడవగలిగితే నేనే పోదును, నువ్వు నడవగలిగి కూడా కూర్చున్నావు అంది. మర్నాడు పొద్దున్నే ల్యాంటొండే బస్సెక్కాను.

తెజిరా తల్లి వాకిట్లో చాప మీద చిక్కుళ్లు ఏరుతోంది. నేను మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టి, ఎవరినో, ఏం చేశానో చెప్పాను. ఏ మాట తీసి ఏ మాట అతికానో కూడా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. అల్లుడు పిల్లల్ని ఇక్కడ వదిలేసి వెళ్లిపోయాడని, ముగ్గురూ బడికి పోయారని చెప్పింది. తర్వాత మొదటిసారి తలెత్తి చూసింది.

"ఈ బరువు దించుకోడానికి ఇంత దూరం వచ్చావా? ఎక్కడ పెట్టుకోమంటావమ్మా? ఇల్లు చూస్తున్నావుగా, చిన్నది."

టీ ఇస్తానంది. వద్దన్నాను. తాగకుండా వెళ్తే అది ఇంకో తప్పంది. తాగి వచ్చాను.

ఇంటికొచ్చి అక్కకు ఆ మాట చెప్పాను. కళ్లు మూసుకునే వింది. నిద్రపోయిందనుకున్నాను.

"సరిగ్గా చెప్పింది" అంది.

అక్క ఇంకో ఇరవై రోజులు బతికింది. నన్ను క్షమించానని గానీ లేదని గానీ అనలేదు. ఒళ్లు తుడిపించుకునేది, మందు పట్టించుకునేది, దిండు సరిచేయమనేది. ఒకసారి నా పాత రవికె చూసి, ఈ భుజం ఎవరు కుట్టారే దరిద్రంగా, అంది. కుట్టింది ఆమే. ఒక మధ్యాహ్నం ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ పెరుగుతూ ఆగిపోయింది.

మా నాన్న అరటితోటలో, మా వంశంవాళ్ల సమాధుల పక్కన గొయ్యి తీశారు. మా ఆచారం ప్రకారం, చెట్టు బెరడు దంచి చేసిన గుడ్డలో చుట్టారు. బావ వచ్చాడు. ఆయన వెనకాలే, రెండు స్పీకర్లు ఎత్తించుకుని పాస్టర్ కిబిరంగో వచ్చారు. మేం పిలవలేదు. అయినా వచ్చిన పెద్దమనిషిని వద్దనే ధైర్యం మా వాళ్లలో ఎవరికుంది. ఆయన చాలా బాగా మాట్లాడారు. దేవుడు ఈ బిడ్డకు మూడేళ్ల ఆయుష్షు వరంగా ఇచ్చాడన్నారు. చివరి రోజుల్లో శత్రువు ఆమె నోటిని వాడుకోజూసినా, ఆ మొదటి సాక్ష్యం చెక్కుచెదరలేదనీ, ఇప్పటికీ వేలమందిని నిలబెడుతోందనీ అన్నారు.

నేను లేచాను. చేతిలో ఫోనుంది, అందులో ఆమె గొంతు మొత్తం ఉంది. స్పీకరు తీగ రెండు అడుగుల దూరంలో ఉంది. ఆ పని నాకు వచ్చు.

మా మేనత్త నా నడికట్టు కొస పట్టుకుని లాగింది. మా ఇంట్లో ఆడపిల్లలకు ఆవిడ మాటే చట్టం.

"కూర్చో. శవం ముందు దెబ్బలాట ఏమిటి? దాన్ని మనశ్శాంతిగా పోనీ."

చుట్టూ చూశాను. ఎండలో గొడుగుల కింద మూడు వందల మంది. వాళ్లలో కనీసం పదిమంది గోమెసిలు అక్క కుట్టినవి. ఎవరి నడికట్టు ఎక్కడ బిగిసి ఉందో దూరం నుంచి నాకు తెలియదు. తెలుసుకునే కన్ను అక్కది.

నేను కూర్చున్నాను.

పాస్టర్ గారు చేతులెత్తి ప్రార్థన ముగించారు. అందరూ ఆమెన్ అన్నారు. అలవాటుకొద్దీ నా పెదాలు కూడా కదిలాయి.